ఊరికే మండే ఒంటికి ఏది పడుతుంది? సబ్బు, సున్నిపిండి, నూనె, క్రీముల లెక్క

పోయిన సంక్రాంతికి మా అత్త పలమనేరు నుంచి స్టీలు డబ్బా నిండా సున్నిపిండి పంపింది. "సబ్బులు మానేయ్ మా, అన్నీ రసాయనాలే. దీంట్లో మన ఇంటి సరుకు తప్ప ఇంకేం లేదు" అని ఫోనులో ఒకటికి రెండుసార్లు చెప్పింది. భోగి రోజు తెల్లారుజామున తడిపి రుద్దుకున్నాను. చేతులకు రాసినప్పుడే చురుక్కుమనింది. మెడ దగ్గరికి వచ్చేసరికి మంట ఎక్కింది. బకెట్టు నీళ్ళు కుమ్మరించుకుని బయటపడేసరికి మెడ, మోచేతి మడతలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. తర్వాత ఆరా తీస్తే తెలిసిందేమంటే, పిండి మిషనులో మా అత్త కంటే ముందు ఎవరో ఎండుమిరపకాయలు పట్టించుకుపోయినారు.

అత్త చెప్పింది నిజమే, దాంట్లో సబ్బుల కంపెనీ సరుకేం లేదు. కారం ఉంది, అంతే.

నాది చిన్నప్పటి నుంచి ఇట్లాంటి చర్మమే. కొత్త చీర గంజికి కూడా నవ పుడుతుంది. మా అవ్వ "దీనికేదీ పడదు" అనేది. ఇన్నేళ్ళకు నాకు అర్థమైంది, ఆ "పడటం, పడకపోవటం" అన్న మాటే సరైన కొలబద్ద అని. ప్రకృతి సరుకా, కంపెనీ సరుకా అన్న వాదంలో పడితే ఎటు పోయినా దెబ్బే. ఈ తిరుపతి ఎండకి, ఈ నీళ్ళకి, మనింట్లో దొరికేవీ అంగట్లో దొరికేవీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలిన లెక్క చెప్తాను.

స్నానానికి ఏది?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. రోజూ ఒళ్ళంతా తగిలేది స్నానం సరుకే కాబట్టి, ఇది తప్పితే మీద ఎంత ఖరీదైన క్రీము రాసినా చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే.

ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద పల్చటి పులుపు పొర ఉంటుంది. పులుపునూ క్షారాన్నీ కొలిచే పీహెచ్ లెక్కలో సుమారు 5, అంకె పెరిగేకొద్దీ క్షారం ఎక్కువ. మామూలు ఒంటి సబ్బు 9 నుంచి 10 దాకా ఉంటుంది. ఐదు మెట్లే కదా అనిపిస్తుంది గానీ ఇవి అలిపిరి మెట్ల లాంటివి కావు, ఒక్కో మెట్టుకూ క్షారం పది రెట్లు పెరుగుతుంది. ఐదు మెట్లంటే లక్ష రెట్లు. గట్టి చర్మం వాళ్ళకు కొన్ని గంటల్లో ఆ పులుపు సర్దుకుంటుంది. మనకు సర్దుకునే లోపలే సాయంత్రం స్నానం వచ్చేస్తుంది.

సబ్బు కొనేటప్పుడు చాలామంది అట్ట మీద టీఎఫ్ఎం (మొత్తం కొవ్వు పదార్థం) చూస్తారు. 76 శాతం ఉంటే మొదటి రకం, 70 ఉంటే రెండోది, 60 ఉంటే మూడోది. టీఎఫ్ఎం ఎక్కువుంటే ఒంటికి మెత్తన అని నేనూ చాన్నాళ్ళు నమ్మినాను. ఆ అంకె చెప్పేది సబ్బులో కొవ్వు పదార్థం పాలెంత అనే. క్షారం తగ్గిందని కాదు. మూడో రకం కంటే మొదటి రకం మేలే, కాదనను. కానీ రోజూ ఒళ్ళు బిగుసుకుపోయి మండే వాళ్ళకు మొదటి రకం సబ్బు కూడా సబ్బే.

దీనికి బదులు సిండెట్ బిళ్ళ ఉంటుంది. చూడ్డానికి సబ్బులాగే ఉంటుంది గానీ, సబ్బు కాదు. నూనెను క్షారంతో కలిపి చేస్తే సబ్బు అవుతుంది. ఇది మురికి వదలగొట్టే వేరే పదార్థాలతో చేసిన బిళ్ళ, పీహెచ్ 5.5 నుంచి 7 మధ్యలో ఉంటుంది. కనిపెట్టడం కష్టమేం కాదు. అట్ట తిప్పి చూడండి. పదార్థాల్లో మొదటే సోడియం పామేట్ అనో సోడియం టాలోయేట్ అనో ఉంటే సబ్బు. సోడియం లారోయిల్ ఐసిథయోనేట్, సోడియం కోకోయిల్ ఐసిథయోనేట్ లాంటి నోరు తిరగని పేరుంటే సిండెట్. డవ్ బిళ్ళలో ఉండేది ఈ రెండో రకమే, కాకపోతే దానికి సెంటు కలిపి ఉంటుంది. సెంటు పడని వాళ్ళు వాసన లేని రకం అడగాలి.

సిండెట్‌తో రెండు ఇబ్బందులు. ధర మామూలు సబ్బుకు మూడు నాలుగు రెట్లు. రెండోది, ఎంత కడిగినా జారుడు పోయినట్టు అనిపించదు. మా నాయన ఒకరోజు పొరపాటున నా బిళ్ళ వాడి, "ఇది పోవడంలేదు మా, ఇంకా ఒంటినే ఉంది" అని మూడు బకెట్లు పోసుకున్నాడు. బిర్రుగా, గీరితే కిర్రుమనేట్టు ఉంటేనే శుభ్రం అని మనకు అలవాటు. నిజానికి ఆ కిర్రు చర్మానికున్న నూనె కూడా పోయిందని చెప్పే గుర్తు. ఖర్చు తగ్గాలంటే చంకలు, గజ్జలు, పాదాలు, చెమట పట్టే చోట్ల మాత్రమే రుద్దుకోండి. మిగతా ఒంటికి నీళ్ళు చాలు. బిళ్ళను నీళ్ళు నిలవని డబ్బాలో పెడితే నెలన్నర వస్తుంది నాకు.

ఇంక నీళ్ళ సంగతి. తిరుపతిలో కొళాయికి తెలుగు గంగ నీళ్ళో కల్యాణి డ్యాం నీళ్ళో వచ్చిన రోజు ఒక తీరు, బోరు వేసిన రోజు ఒక తీరు. మా ఇంటి బోరు ఉప్పునీళ్ళే. బకెట్టు లోపల వేలితో గీరితే తెల్ల పొర లేస్తుంది. ఆ నీళ్ళలో ఉండే కాల్షియం సబ్బుతో కలిసి జిగురు లాంటి చెత్త కడుతుంది. బకెట్టుకు అంటుకునేది అదే, ఒంటికి అంటుకునేదీ అదే. సిండెట్ అట్లా కట్టదు. బోరు నీళ్ళ ఇండ్లలో సబ్బు కంటే సిండెట్ మేలనడానికి నాకు ఈ ఒక్క కారణమే చాలు.

మరి ఇంటికి సాఫ్ట్‌నర్ పెట్టిస్తే? వేలకు వేలు. బ్రిటన్‌లో ఎగ్జిమా (చర్మం ఎండి, ఎర్రబడి నవ పెట్టే జబ్బు) ఉన్న 336 మంది పిల్లల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చినాయి. నీళ్ళు మెత్తబరిచే యంత్రం పెట్టినందువల్ల మామూలు వైద్యానికి మించి లాభం ఏమీ కనబళ్ళేదు. గీజరు కోసం, కొళాయిల కోసం పెట్టించుకుంటే అది మీ ఇష్టం. చర్మం కోసమని మాత్రం పెట్టించొద్దు.

సున్నిపిండిని నేను కొట్టిపారేయను. సబ్బంత క్షారం ఉండదు, నూనె మరీ లాగెయ్యదు. గొడవంతా అందులో ఏం కలిపినారు, ఎంత బరకగా పట్టినారు అన్న దాంట్లో ఉంది. కారం సంగతి చెప్పేసినాను. దానికంటే పెద్దది బావంచాలు. మంచి వాసనకనీ, రంగు తేలుతుందనీ పచారీ అంగట్లో పొట్లం కట్టి ఇచ్చే సున్నిపిండి సరుకులో గంధ కచ్చూరాలతో పాటు ఇవీ ఉంటాయి. బావంచాల్లో సోరలెన్ అనే పదార్థం ఉంది. బొల్లికి వైద్యంలో దీన్ని పూసి వెలుగు తగిలించేది ఇందుకే. చర్మం ఎండకు రెచ్చిపోయేట్టు చేస్తుంది. పొద్దున బావంచాల పిండి రుద్దుకుని, పదింటికి ఎండలో బండి మీద పోతే ఏమవుతుందో ఆలోచించండి. నిమ్మరసం మొహానికి పూసి ఎండలోకి పోయినా అదే జాతి గొడవ. పసుపు చాలామందికి పడుతుంది, కొందరికి పడదు. పడని వాళ్ళకు నలుగు పెట్టిన మరునాడే తెలిసిపోతుంది.

సున్నిపిండే కావాలంటే ఉత్త పెసరపిండి. మిషనులో పట్టించకుండా ఇంట్లో మిక్సీలో వేసి, పల్చటి నూలుగుడ్డలో జల్లించుకోండి. రుద్దకూడదు. మజ్జిగంత పల్చగా కలిపి ఒంటికి పూసి, అది ఆరకముందే కడిగేయాలి. ఎండిన పిండిని రాలగొట్టడానికి గీకితే అదే గరుకు కాగితం.

మొత్తానికి నా ఓటు: రోజూ వాడకానికి వాసన లేని సిండెట్, పండగ రోజు పెసరపిండి. సబ్బు చేతులు కడుక్కోవడానికి ఉంచుకోండి. ఒక్క చోట మాత్రం సబ్బే గెలుస్తుంది. చిత్తూరు వైపు జూన్, జూలైలో తోతాపురి కోతల కాలంలో చేతుల మీద, పెదవుల పక్కన సొన మచ్చలు పడిన పిల్లల్ని ఎంతమందినో చూస్తాం. తొడిమ విరిచినప్పుడు చిమ్మే ఆ సొన జిడ్డు జాతి, ఉత్త నీళ్ళకు పోదు. తగిలిన వెంటనే సబ్బుతో కడగాలి. ఆలస్యమైతే పొక్కి, తర్వాత నల్లమచ్చ పడుతుంది.

స్నానం తర్వాత: నూనెలు, వేజలిన్, క్రీములు

ఏది రాసినా రాయాల్సిన టైము ఒకటే. ఒళ్ళు అద్దుకున్న మూడు నాలుగు నిమిషాల్లో, ఇంకా తేమ ఉండగానే రాయాలి. పూర్తిగా ఆరిన ఒంటికి రాస్తే సగం ప్రయోజనమే. తువ్వాలుతో రుద్దకుండా అద్దడం కూడా నేర్చుకోవాల. మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ అది రాలేదు.

కొబ్బరినూనెకు మంచి సాక్ష్యమే ఉంది. ఎగ్జిమా ఉన్న 117 మంది పిల్లలకు ఎనిమిది వారాలు రాసి చూసి, 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి తీసే నూనె) కంటే వర్జిన్ కొబ్బరినూనె బాగా పనిచేసింది. వర్జిన్ అంటే పచ్చికొబ్బరి నుంచి తీసింది. గానుగలో ఎండుకొబ్బరి ఆడించింది దానికి దగ్గరిదే గానీ అదే కాదు. సెంటు, మల్లెపూల వాసన కలిపిన తలనూనె మాత్రం ఒంటికి రాయొద్దు. మొటిమలు వచ్చే మొహానికి కొబ్బరినూనె రాస్తే రంధ్రాలు మూసుకుని మొటిమలు పెరుగుతాయి. చేతులకూ కాళ్ళకూ భేషుగ్గా ఉంటుంది.

ఆలివ్ నూనె సీసాలు ఇప్పుడు పసిపిల్లలకు కానుకగా ఇస్తున్నారు. ఖరీదు చూసి మంచిదనుకుంటాం. పరీక్ష చేసి చూస్తే అది పెద్దవాళ్ళ చర్మం పైపొరను బలహీనపరిచింది, పొద్దుతిరుగుడు నూనె పరచలేదు. దాంట్లో ఓలిక్ ఆమ్లం ఎక్కువ, దీంట్లో లినోలిక్ ఆమ్లం ఎక్కువ. ఆ లెక్కన పూరీలు వేయించే నూనె కానుక సీసా కంటే మేలు. వాసన భరించగలిగితే!

నువ్వులనూనె తలంటు గురించి ఒక మాట. నూనెతో తప్పు లేదు, తప్పంతా దాన్ని వదలగొట్టే తీరులో ఉంది. అరగంట నానబెట్టిన నూనెను కుంకుడు పులుసుతో, పీచుతో గీకి గీకి తీసేస్తాం. తీసుకున్న మేలంతా తిరిగి ఇచ్చేసినట్టే. మండే ఒంటి వాళ్ళు నూనె పల్చగా పట్టించి, గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, మిగిలింది ఒంటి మీద ఉండనివ్వాలి. పాత చీర కట్టుకోండి.

వేజలిన్ అని మనం పిలిచే పెట్రోలియం జెల్లీని 1872లో పేటెంట్ చేసినారు. నూట యాభై ఏళ్ళు దాటింది, తేమ ఆవిరి కాకుండా మూత పెట్టడంలో దాన్ని మించింది ఇంకా రాలేదు. వాసన లేని మామూలు రకంలో మంట పెట్టేందుకు ఏమీ ఉండదు. చవక. కానీ మే నెల తిరుపతిలో 40 దాటిన ఎండకు ఒళ్ళంతా పూస్తే చెమట రంధ్రాలు మూసుకుని చెమటకాయలు లేస్తాయి. అందుకే నా పద్ధతి: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మడమలు, మోచేతులు, పెదవులకు జెల్లీ, మార్చి నుంచి గ్లిజరిన్ లేదా సెరమైడ్లు (చర్మంలో మామూలుగానే ఉండే కొవ్వులు) ఉన్న పల్చటి లోషను. యూరియా కలిపిన క్రీము పగుళ్ళకు మంచిదే. పచ్చిగా ఉన్న చోట రాస్తే మాత్రం చుక్కలు కనిపిస్తాయి.

కలబంద మట్ట పెరట్లోది కోసి రాసుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాల. కోయగానే కారే పసుపు పాలు పూర్తిగా కారిపోనిచ్చి, కడిగి, లోపలి తెల్ల గుజ్జే తీసుకోవాలి. మంట పెట్టేది ఆ పసుపు పాలే. కాలమైన్ లోషను పొక్కులకు, చెమటకాయలకు చల్లగా ఉంటుంది. అది ఆరబెట్టే మందు కాబట్టి ఎండిపోయి పగిలిన చర్మానికి వద్దు.

క్రీము కొనేటప్పుడు ముందు అట్ట మీది మాటలు నమ్మకండి. హైపోఅలర్జెనిక్ (అలర్జీ తక్కువ తెచ్చేది) అంటే ఇంత అని గీత గీసిన చట్టం లేదు. అన్‌సెంటెడ్ అని రాసినా లోపల వాసన కప్పెట్టే వాసన ఉండొచ్చు. ఫ్రాగ్రెన్స్ ఫ్రీ అన్నది వేరు, అది కావాలి. వెనక పట్టీలో పర్ఫ్యూమ్, పర్ఫుమ్ అన్న మాట లేకుంటే సగం గెలిచినట్టు. పట్టీ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

మెడికల్ షాపు ట్యూబు

దీన్ని పోలికలో పెట్టడమే తప్పు. కానీ అందరూ కొనేది ఇదే. కొన్నేళ్ళ కిందట మోచేతి మడతలో నవ తట్టుకోలేక మందుల అంగడికి పోతే, "అక్కా, ఇది రాయి, రెండ్రోజుల్లో ఎగిరిపోతుంది" అని ఒక ట్యూబు చేతిలో పెట్టినాడు. నిజంగానే రెండ్రోజుల్లో ఎగిరిపోయింది. మానేసిన వారానికి రెట్టింపై వచ్చింది. మళ్ళీ రాసినాను. అట్లా నాలుగు నెలలు. చివరికి చర్మం ఉల్లిపొరలా పల్చబడి, లోపలి ఎర్ర నరాలు కనిపించేదాకా పోయింది.

అందులో ఉన్నది క్లోబెటాసాల్, గట్టి స్టెరాయిడ్. బీటామెథాసోన్, మొమెటాసోన్ కూడా ఈ కుటుంబమే. డాక్టరు చీటీ లేకుండా ఇవి అమ్మకూడదు. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. ఏ చోట, ఏ బలంది, ఎన్ని రోజులు అని చెప్పే మనిషి ఉంటే ఎగ్జిమాకు మంచి మందు. మొహానికి, గజ్జలకు సొంతంగా రాయడం, తామరకు రాయడం, నాలాగా నెలల తరబడి రాయడం, ఇవే కొంపముంచేవి. తామర బూజు జాతి. స్టెరాయిడ్‌తో పైకి ఎరుపు తగ్గుతుంది, కింద అది హాయిగా పాకుతుంది. రెండు వారాల్లో తగ్గని మంట, నీరు కారే పుండు, రాత్రి నిద్ర పట్టనివ్వని నవ ఉంటే ఈ పోలికలన్నీ పక్కన పెట్టి చర్మ డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. తిరుపతి రుయా ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది.

ఎండకి, గుండుకి

సన్‌స్క్రీన్లలో జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవి మండే చర్మానికి తక్కువ ఇబ్బంది. మన రంగు మీద తెల్లగా, పిండి పూసినట్టు కనిపిస్తాయి, అది భరించాలి. మిగతావి కనిపించవు గానీ కళ్ళ పక్కన చురుక్కుమంటాయి. ఎస్పీఎఫ్ 30 అని ఉన్నది చర్మాన్ని కందబెట్టే ఎండ కిరణాల్లో (యూవీబీ) సుమారు 97 శాతం ఆపుతుంది, 50 సుమారు 98. ఆ ఒక్క శాతానికి ఎక్కువ డబ్బు పెట్టడం కంటే సరిపడా పూయడం ముఖ్యం. నిజం చెప్పాలంటే తిరుపతి ఎండకు నా మొదటి ఓటు గొడుగుకే. గొడుగు ఎవరికీ పడకపోవడం లేదు.

గుండు సంగతి మన ఊళ్ళో రాయకుండా ఎట్లా? ఏటా ఎవరో ఒక చుట్టం పిల్లోడికి పుట్టువెంట్రుకలు తీయించి, కొండ మీద నుంచి నేరుగా మా ఇంటికి దిగుతారు. నున్నటి తల, దాని మీద ఆరిపోయి పెచ్చులు కట్టిన చందనం, వాడి ఏడుపు. అక్కడ ఎంచుకోవాల్సింది మూడింట్లో ఒకటి: చందనం, కొబ్బరినూనె, ఏమీ రాయకపోవడం.

అసలు గంధపు చెక్కను సాన మీద అరగదీసిన గంధమైతే, గాట్లు లేని తలకు పల్చగా పూసి ఆరకముందే కడిగితే చల్లగా ఉంటుంది. ఆరి బిగుసుకుంటే చర్మాన్ని లాగేస్తుంది. సంచుల్లో అమ్మే పచ్చటి పొడి, దూరం నుంచే గుప్పుమనే రకం, పిల్లల తలకు వద్దనే చెప్తాను. ఒకసారి మా తోటికోడలి కొడుక్కి దాన్ని పూసి, సాయంత్రానికి చెవుల వెనక దద్దుర్లు చూసినాము. నా ఎంపిక: మొదటి రోజు గోరువెచ్చటి నీళ్ళు మాత్రమే, సబ్బు వద్దు. తడి అద్దినాక వాసన లేని కొబ్బరినూనె రెండు చుక్కలు. గాట్లు పడిన చోట పల్చగా జెల్లీ. బయటికి పోతే మెత్తటి నూలు టోపీ, ఎందుకంటే అన్నాళ్ళు జుట్టు కింద ఉన్న చర్మం ఎండ చూసి ఎరగదు, గంటలో కందిపోతుంది. పటిక, ఆఫ్టర్ షేవ్ పెద్దవాళ్ళ తలకైనా వద్దు.

కొత్తది ఏది తెచ్చినా

ఒకసారి ఒకటే మార్చండి. సబ్బు, క్రీము, బట్టల పౌడరు మూడూ ఒకే వారం మారిస్తే, మంట వచ్చినప్పుడు దొంగ ఎవరో తేలదు. కొత్త సరుకును మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్ళంత చోట రోజుకు రెండుసార్లు, ఏడు నుంచి పది రోజులు రాసి చూడాలి. కడిగేసే రకమైతే మామూలుగా ఎంతసేపు ఉంచుతామో అంతసేపు ఉంచి కడగాలి. మొదటి రోజు ఏమీ కాలేదని సంబరపడొద్దు, అలర్జీ చాలాసార్లు రెండు మూడు రోజుల తర్వాతే బయటపడుతుంది. రోజూ బొట్టు పెట్టుకునే చోటే ఎర్రగా, తెల్లగా మచ్చ పడుతుంటే స్టిక్కరు జిగురును కూడా అనుమానించండి. రెండు వారాలు స్టిక్కరు మాని చూస్తే తెలిసిపోతుంది.

ఉగాదికి అత్త మళ్ళీ డబ్బా పంపింది. ఈసారి మూత మీద కాగితం అంటించింది: "బావంచాలు లేవు. పసుపు లేదు. రోట్లో దంచినాను, మిషను కాదు." ఎడమ మోచేతి లోపల ఐదో రోజు నడుస్తోంది. ఇప్పటిదాకా ఏమీ కాలేదు. అత్త మాత్రం రోజూ ఫోను చేసి అడుగుతోంది.